తుపాకిలో ముగ్గురాయి

వేరుశనగ చేలో అడవిపందుల్ని బెదిరించడానికి మా అన్నకు లైసెన్సు తుపాకి ఉండేది. పేలిన ప్రతిసారీ అది భుజాన్ని తన్నేది. బరువు పెంచితే తన్ను తగ్గుతుందని, అన్న భుజానికి ఆనించే దాని కర్రమడమ తొలిచి ముగ్గురాయి పొడి దట్టించాడు. మా గనుల పక్క ఊళ్లో అంత బరువైన రాయి ఊరికే దొరికేది.

తెల్లదొరల మీద తిరగబడి జనం రైలుపట్టాలు పీకుతున్న రోజులవి. ఏటా పోలీసుస్టేషన్లో జరిగే తుపాకుల తనిఖీకి అన్న వెంట నేనూ పోయాను. ఇన్‌స్పెక్టరు మడమ విప్పించాడు. తెల్లటి పొడి బల్లమీద రాలింది.

"ఏమప్పా, పేలుడు మందా ఇది?"

అన్న గుమ్మంవైపు చూసి, కండువా భుజం మీదికి లాక్కున్నాడు. రాతిపొడి అంటే ఎందుకు పోశావంటారు. గుమ్మంలో మా దాయాదులు వింటున్నారు.

"దొర ముందర భుజాన కండువా ఏంది? తీయి" అని జమేదారు కసిరాడు. అన్న దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. జమేదారు బేడీలు అందుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. కండువా లాగేశాను. భుజం నల్లగా కమిలి ఉంది.

"తన్నుకు తాళలేక రాతిపొడి పోసుకున్యాడు సామీ" అన్నాను.

దాయాదులు నవ్వారు. ఇన్‌స్పెక్టరు అన్నను వదిలేశాడు.

దారిలో అన్న తుపాకి నా చేతికిచ్చి, "చేను ఇంగ నువ్వే కాసుకో" అన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ, ఎంత ఎండల్లోనైనా, నా ఎదుట కండువా తీయలేదు.