గడపకు తెల్ల నంబరు

2018 ఎండాకాలం. రిజర్వాయరులో మునగబోతున్న ఒక ఏటి ఒడ్డు ఊరి నుంచి పాత రాతి మండపాన్ని విప్పి, నిర్వాసితుల కాలనీలో తిరిగి కట్టించే పని నాకు అప్పగించారు. నేను పురావస్తు శాఖలో కన్జర్వేషన్ అసిస్టెంటును. పాత కట్టడాలకు మరమ్మతు జరిగే చోట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి, కొలత తప్పకుండా చూడటం ఆ ఉద్యోగం. రాజాంలో గది తీసుకుని రోజూ జీపులో ఆ ఊరికి వెళ్ళి వస్తుండేవాణ్ణి.

ఒక కట్టడాన్ని రాయి రాయిగా విప్పి ఇంకోచోట అదే వరసలో నిలబెట్టడాన్ని మేము ట్రాన్స్‌ప్లాంటేషన్ అంటాం. దానికి ఆధారమంతా నంబరింగ్. ప్రతి రాతి మీదా తెల్ల రంగుతో ఒక నంబరు వేస్తాం. అదే నంబరు డ్రాయింగులో ఆ రాయి ఉండవలసిన చోట ఉంటుంది. నంబరు లేని రాయిని ఎంత మంచిదైనా లారీ ఎక్కించం. నంబరు వేసినదాన్ని వదిలిపెట్టం.

దేవుడి ఉత్సవాల కోసం ఆ మండపం కట్టించింది మా పూర్వీకులు. ఈ మాట పై అధికారికి ముందే చెప్పాను. “అయితే మరీ మంచిది, శ్రద్ధగా చేస్తారు” అన్నారాయన. ఊళ్ళో చెప్పనవసరం లేకపోయింది. ఇంటిపేరు వినగానే ముసలివాళ్ళు తలపాగాలు తీశారు, కుర్రవాళ్ళు నవ్వుకున్నారు. ఆ ఊళ్ళో మాకు ఇప్పుడు సెంటు భూమి లేదు. దివాణం ఉన్న చోట ధాన్యం గోదాములు లేచాయి. అయినా పని దగ్గర నేను ఎవరి అరుగు మీదా కూర్చోను, ఎవరి ఇంటా టీ తాగను. మా ఇంటివి ఇచ్చిన చేతులు. పుచ్చుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు.

అప్పటికి ఊరు సగం ఖాళీ అయింది. ఇళ్ళ గోడల మీద నష్టపరిహారం వాళ్ళు వేసిన ఎర్ర నంబర్లు ఉన్నాయి. జనం పెంకులు దించుకుని, దూలాలూ దారబందాలూ ఊడదీసుకుని ట్రాక్టర్ల మీద వేసుకుపోతున్నారు. కప్పులు లేని గదుల్లో ఎండ పడుతూ ఉండేది. దేవుడి పటాలు తీసేసిన చోట గోడ మీద నల్లటి మసి మధ్య చదరంగా తెల్లటి జాడ కనిపించేది.

ఒకరోజు గవరమ్మ అనే రైతు ఇంటి పెద్దావిడ మండపం దగ్గరికి వచ్చింది. వెనకాల ఆమె మరిది సింహాచలం.

“బాబూ, తెల్ల నెంబరేసిన రాళ్ళన్నీ కాలనీకి ఎత్తుకెల్తారట కదా?” అంది.

“అవునమ్మా.”

“మరి నా గడపకీ ఒకటెయ్యండి.”

సింహాచలం పకపకా నవ్వాడు. “ఒలే వదినా! ఆ దొరబాబు ఏసీది గుళ్ళకీ గోపురాలకీ. నీ కొంపకి ఎర్ర నెంబరేసి పోనారు కదా, సాల్లేదేటి?”

“నువ్వూరుకోరా. ఎర్ర నెంబరు కూల్సడానికి, తెల్ల నెంబరు మొయ్యడానికి. ఆమాత్రం నాకు తెల్దేటి?”

ఆమె అన్నది తప్పు కాదు. ఇంటి దారబందం ఊడదీశారు కాని, కింద గడపగా వేసిన రాయి కదల్లేదట. నలుగురు మగవాళ్ళు గునపాలు వేసి చూసి వదిలేశారు. దాన్ని లేపగల చెయిన్ పుల్లీ ఆ ఊళ్ళో మండపం పనికి తెచ్చినదొక్కటే. ఇళ్ళ రాళ్ళకు నంబరు వేయడం నా పరిధిలో లేదని చెప్పాను. “సూసి సెప్పండి బాబూ, సూడకుండానే సెప్తారేటి?” అంది. చూడటానికి వెళ్ళాను.

పసుపు పేరుకుని పేరుకుని గడప పైభాగం రాయిలా లేదు, పనసతొన రంగులో నున్నగా మెరుస్తోంది. గునపాలతో పెళ్ళగించిన చోట, ఇన్నాళ్ళూ గచ్చు కింద ఉన్న అంచు బయటపడింది. దాని మీద చెక్కడం ఉంది. వంగి మట్టి తుడిచాను. హంస తల, మెడ, సగం రెక్క.

మండపం తూర్పు మెట్ల పక్కరాతి మీద ఒక హంస వెనక సగం మాత్రమే ఉంది. ముందు సగం ఉండవలసిన మెట్టు రాయి లేదు. డ్రాయింగులో ఆ చోట మిస్సింగ్ మెంబర్ అని నేనే రాశాను. ఉండవలసి, లేకుండా పోయిన భాగాన్ని అలా అంటాం. మేస్త్రిని పిలిచి, పక్కరాతి మీద కాగితం పెట్టి దించిన గీతను తెప్పించి ఆనించాం. ఈక మీద ఈక కలిసింది.

మండపం మెట్టు పోయిన ఏడే ఇంటి లక్ష్మి పోయిందని మా నాయనమ్మ చివరిదాకా నమ్మింది. నేను అలాంటివి నమ్మను. అయినా ఆ రాతి ముందు నుంచి వెంటనే లేవలేకపోయాను.

“ఇది మీ ఇంటికెలా వచ్చింది?” అని అడిగాను.

“వరదకి కొట్టుకొచ్చి మా సేలో పడిందట బాబూ. మా మావ తాత ఎడ్లు కట్టి లాగించి దివాణంలో సెప్పేడట. ‘ఉంచుకోండ్రా, మాకు రాళ్ళకి కరువేటి’ అన్నారట మీ పెద్దలు.”

మా వాళ్ళు అన్నమాటే అయి ఉంటుంది. ఆ తీరు నాకు తెలుసు. ఆమెతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది మండపం రాయి, మెట్టు. రక్షిత కట్టడంలో భాగం కనక నంబరు వేస్తాను. కాలనీకీ వస్తుంది. కాని మీ ఇంటికి కాదు, మండపానికి.

గవరమ్మ వంగి గడప మీద అరచెయ్యి ఆనించింది.

“మెట్టంటే, తొక్కుతారా?”

“మెట్టన్నాక తొక్కుతారమ్మా.”

“నాను కాపరానికొచ్చిన్నాడు దీన్ని దాటొచ్చేను బాబూ. నా కోడలు దాటొచ్చింది. మా మావని దీన్ని దాటించే మోసుకెల్లేరు. పిల్లలు దీనిమీద కూకుంటే ఈపు పగలగొట్టేను. దీన్నట్టుకెల్లి సెప్పుల్తో తొక్కిస్తారా?”

సింహాచలం ఈసారి నవ్వలేదు. “ఇచ్చిందీ మీరే, ఎత్తుకెల్లీదీ మీరే. దొరతనమంటే ఇదేనేటి బాబూ?”

ఆ మాట తగిలింది. మండపం దేవుడిది, దాని రాయిని ఇచ్చే హక్కు మా తాతలకు లేదని జవాబిచ్చాను. న్యాయంగా అది సరైన జవాబే.

“పోనీ నెంబరెయ్యకండి,” అన్నాడతను గొంతు తగ్గించి. “ఆదివారం మీ మనుసులుండరు కదా. ఆ పుల్లీ ఒక్క గంట ఇలగ తిప్పితే నానే ఎత్తుకుపోతాను. ఎవుడికి తెలుస్తాది?”

“నాకు తెలుస్తుంది” అన్నాను.

“అయితే నీల్లకొదిలెయ్యండి,” అంది గవరమ్మ. “ఎవులూ తొక్కరు.”

అదీ నా చేతిలో లేదు. మెట్టు ఫలానా చోట ఉందని తెలిసి వదిలేస్తే, నేను చేస్తున్న ఉద్యోగానికి అర్థం లేదు. ఆ మాటే చెప్పి రంగు డబ్బా తెమ్మన్నాను. ఆమె గడపకు అడ్డంగా చెయ్యి పెట్టింది.

“ఈ పూటకాగండి. రేపెయ్యండి.”

పని దగ్గర నేను ఎవరికీ గడువు ఇవ్వలేదు అంతవరకు. ఆ పూట ఆగాను.

మర్నాడు పొద్దున్న వెళ్ళేసరికి కప్పులేని ఆ ఇంటి ముందు గవరమ్మ గొంతుకూర్చుని ఉంది. పక్కన చింతపండు పులుసు, బూడిద, కొబ్బరిపీచు. గడప తోముతోంది. పచ్చటి నీళ్ళు వాకిట్లోంచి వీధిలోకి పారుతున్నాయి. సింహాచలం నీళ్ళు తెచ్చి పోస్తున్నాడు. నిన్న అంత నోరున్న మనిషి నాకేసి చూడనైనా లేదు.

“మేమే శుభ్రం చేస్తామమ్మా. మా దగ్గర దానికి మందు ఉంది” అన్నాను. రాతి మీద పేరుకున్న నూనె, రంగు, పసుపు వంటివి తీసేయడాన్ని మా శాఖలో కెమికల్ క్లీనింగ్ అంటారు. ఆ పనికి వేరే మనుషులు వస్తారు.

ఆమె చెయ్యి ఆపలేదు. “మీరు తీస్తే మురికి తీసినట్టు తీస్తారు. నాను రాసేను, నానే తీసుకుంటాను.”

చాలాసేపు తోమింది. గోళ్ళ సందుల్లో పసుపు నిండింది. చివర రెండు చెంబుల నీళ్ళు పోసింది. బూడిదరంగు రాయి బయటపడింది. మధ్యలో కొంచెం అరిగి ఉంది. అది మా మండపం ఎక్కిన పాదాల అరుగుదల. వాళ్ళ ఇంట్లో దానిమీద ఎవరూ కాలు పెట్టలేదు కదా. గవరమ్మ కొంగుతో తుడిచి లేచి నిలబడింది.

“ఇప్పుడిది రాయి. ఎయ్యండి.”

నంబర్లు మేస్త్రే వేస్తాడు. ఆరోజు కుంచె నేను తీసుకున్నాను.

వానలు పడేలోగా కాలనీలో మండపం లేచింది. హంస రెండు సగాలూ కలిశాయి, అతుకు వెతికితే తప్ప కనిపించదు. ప్రారంభం రోజున అధికారులూ నాయకులూ వచ్చి దీపం వెలిగించారు, ఘనమైన వారసత్వం అని ఉపన్యాసాలు చెప్పారు, ఆ మెట్టు మీద నిలబడి ఫొటోలు దిగారు. నా నివేదికలో ఆ రాయి పరిస్థితి ‘బాగుంది’ అని రాశాను. అంతకంటె రాయడానికి ఆ గడిలో చోటు ఉండదు.

గవరమ్మ కూడా వచ్చింది. ఆమె మెట్ల పక్కనుంచి ఎక్కుతుందనీ, లేదా కళ్ళకద్దుకుంటుందనీ అనుకున్నాను. చెప్పులతోనే ఆ మెట్టు తొక్కి, కిందికైనా చూడకుండా పైకి వెళ్ళిపోయింది. చెప్పులు పైన విప్పింది. ఆమె వెనక ఎక్కవలసింది నేను. కాలు పెట్టలేక, పంచె పట్టుకుని ఒక అంగలో దాన్ని దాటాను. సింహాచలం చూశాడు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

ఒక రాయి మొదట ఎక్కడ ఉండేదో తేల్చడం మా వృత్తి. మా డ్రాయింగులూ కొలతలూ అందుకే. ఆ తరవాత అది ఎవరికి ఏమైందో మేము కొలవము. దాన్ని మురికి కింద రాసి కడిగేస్తాం. ఈ పని నాకు నేర్పింది ఆ తేడా. రూలు తప్పు అని నేను అనను. అలాంటి రాయి మళ్ళీ దొరికితే మళ్ళీ నంబరు వేస్తాను, దొరికినప్పుడు వేశాను కూడా. కాకపోతే ఆ ఇంటివాళ్ళకు ముందు ఒక పూట గడువిస్తాను, ఆ పూట అక్కడ నిలబడను. పని ఎందుకు ఆలస్యమైందని పైనుంచి అడిగితే, నా నిర్ణయం అని రాసి సంతకం పెడతాను.