మొదటి స్థానంలో నేను పెట్టిన సినిమా

మా కాలేజీ వార్షిక సంచికలో ఈసారి భారతీయ సినిమాల్లో గొప్పవి పది ఎంచి, వరుసగా అంకెలు వేసి అచ్చు వేయాలని మా వాళ్ళకు బుద్ధి పుట్టింది. నాగర్‌కర్నూల్‌లో జూనియర్ కాలేజీ స్టాఫ్ రూము మాది. ఆరుగురం కూర్చుంటే ఏడు అభిప్రాయాలు లేస్తాయి. ఫిజిక్స్ సారుకు బెంగాలీ సినిమాలు తప్ప మిగతావి సినిమాలే కావు. ఆయన వాటిలో ఎన్ని చూశాడో నాకు మొదటినుంచీ అనుమానమే. హిందీ మేడం తనను ఏడిపించని సినిమాకు మార్కులు వేయదు. నేను తెలుగు చెప్తాను. నాకు పట్టుదల ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. మిగతా తొమ్మిదీ మీ ఇష్టం, మొదటిది మాత్రం నేను చెప్పినదే అని మొండికేశాను.

ఆ సినిమా నేను చూడలేదు. ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు. గద్వాలలో మగ్గం మీద కూర్చుని మా వదినె నోట విన్నాను.

మాది నేత ఇల్లు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచులు పట్టు. ఆ రెండు రకాల పోగులనూ ప్రతి వరుసలో ఒకదానికొకటి మెలేయాలి కాబట్టి ఒక మనిషితో అయ్యే పని కాదు, పక్కన ఇంకొకరు ఉండాలి. ఇంటర్ పాసై ఇంట్లో ఉన్న రెండేళ్ళూ వదినె పక్కన కూర్చున్నది నేనే. పడుగు, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు, అయిపోయిన రోజు నేత ఉండదు. పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతకాలి. ఆ పని అన్నా నేనూ చేసేవాళ్ళం. వదినెకు ఆ మధ్యాహ్నం సెలవు. "పో, సినిమ చూసి రా" అని మా అమ్మే పంపేది. అది మా ఇంటి రివాజు. మళ్ళీ నేత మొదలయ్యాక వదినె చేతులాడిస్తూ కథ అందుకునేది. ఒక్కో సినిమా నాలుగైదు రోజులు నడిచేది.

నేను మొదటి స్థానం ఇచ్చిన కథ ఇది. వానలు లేని ఊరు. ఒకామె భర్త లారీ నడుపుతూ పోయి తిరిగి రాడు. లారీ మాత్రం ఎవరో తెచ్చి ఇంటి ముందు వదిలిపోతారు. ఊరంతా ఆమెను చూసి జాలిపడుతుంటే, ఆమె ఆ లారీ నేర్చుకుంటుంది. నడుపుకుంటూ అతన్ని వెతుక్కుంటూ పోతుంది. చివరికి ఒక దాబాలో దొరుకుతాడు, ఇంకో భార్యతో, బిడ్డతో. "మన కొత్తకోట దాబ లెక్కనే ఉండె పిల్లా, మంచాలేసి" అనేది వదినె. ఆమె ఒక్క మాట మాట్లాడదు. మంచం మీద కూర్చుని అతను వడ్డించిన అన్నం తింటుంది. తన పళ్ళెం తనే కడిగి బోర్లించి, లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. అంతే.

ఇరవై ఏళ్ళుగా పాఠాల మధ్య పిల్లలకు ఆ పళ్ళెం గురించి చెప్తున్నాను. ఏడవని ఆడదాన్ని చూపించిన సినిమా మన దేశంలో ఇదొక్కటే అని వాదించాను కూడా.

ఫిజిక్స్ సారు ఊరుకునే మనిషి కాదు. ఎక్కడో వెతికి పట్టుకొచ్చి ఒక శనివారం మధ్యాహ్నం లాప్‌టాప్‌లో పెట్టాడు. అందరం చూశాం. ఇంటర్వెల్ దాకా వదినె ఒక్క ముక్క తప్పలేదు. హీరోయిన్ రవిక చేతికి వేసిన అతుకు కూడా చెప్పినట్టే ఉంది. నేను గర్వంగా అందరి వైపూ చూశాను. ఇంటర్వెల్ తర్వాత భర్త తిరిగొచ్చాడు. జాతరలో పాట, గోదాములో ఫైటింగు, చివర ఆమె అతని కాళ్ళ మీద పడి గట్టిగా ఏడ్వడం. లారీ స్టీరింగు ఆమె ముట్టుకోనే లేదు.

"మేడం, మీరు చూసింది ఇదేనా?" అన్నాడు సారు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది. జాబితాలో నా సినిమా కొట్టేశారు. పోనీ అనుకున్నాను. కానీ ఆ పళ్ళెం ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా ఉండలేకపోయాను. వదినె కల్పించిందా? కల్పిస్తే, నా పక్కనే కూర్చుని నాకు తెలియకుండా ఎలా కల్పించింది? అది ఆమె నోటితోనే వినాలనిపించింది.

వినాలంటే ఏడాది ముందే వెళ్ళి ఉండాల్సింది. పోయిన వేసవిలో వదినెకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాటలు పోయాయి. దవాఖానలో చూసి, పండ్లు పెట్టి, పది నిమిషాలు కూర్చుని వచ్చినదాన్ని మళ్ళీ వెళ్ళలేదు. ఈపాటికి మాట కొంతైనా తిరిగొచ్చి ఉంటుందన్న ఆశతో, ఇప్పుడు ఒక సినిమా కోసం వెళ్తున్నాను. సిగ్గుగానే ఉంది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, వనపర్తిలో మారి, గద్వాల చేరేసరికి ఎండ ముదిరింది.

అన్న ఆమెకు అన్నం తినిపిస్తున్నాడు. నన్ను చూసి వదినె "ఔ" అంది. నా ప్రాణం లేచొచ్చింది.

"ఆశపడకు పిల్లా. గదొక్క మాటనే మిగిలింది. తింటవా అన్నా ఔ, వద్దా అన్నా ఔ. నేనే మొఖం జూసి తెలుసుకుంట" అన్నాడు అన్న.

అయినా అడిగాను. సినిమా గురించి, లారీ గురించి, స్టాఫ్ రూములో నాకు జరిగిన మర్యాద గురించి చెప్పాను. వదినె వింటున్నట్టే ఉంది. అన్న చెయ్యి కడుక్కొని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఇది ఏ సినిమ నిండ చూడలే" అన్నాడు వదినె వైపు చూసి. "ఇంటర్వెల్ కాంగనే లేసి వాళ్ళవ్వ దగ్గరికి పోతుండె. ముసల్ది మంచంల ఉండె గద అప్పుడు. ఇంత తినవెట్టి, తల దువ్వి, సినిమ ఇడిసే యాళ్ళకు ఇంటికొస్తుండె."

"నీకు తెలుసా?"

"నేనే పొమ్మన్న. సినిమకైతే అమ్మ పోనిస్తుండె. వాళ్ళింటికి పోనిస్తుండెనా?"

పోనిచ్చేది కాదు. పెళ్ళిలో వడ్డన దగ్గర మా వాళ్ళకు మర్యాద తక్కువైందని అమ్మకు పట్టింపు. నాలుగు వీధుల అవతల ఉన్న పుట్టింటికి కోడలు వెళ్ళకూడదు. అమ్మ ఒక్కతే అన్నదా? "వాళ్ళ గడప తొక్కితే మా ఇల్లు మర్చిపో" అని వదినె మొహం మీద అన్నది నేను. పద్దెనిమిదేళ్ళదాన్ని. ఆమె సినిమాకు వెళ్ళొచ్చిన మరునాడు పక్కన కూర్చుని, మిగతా కథ చెప్పు చెప్పు అని పీడించిందీ నేనే. కన్నతల్లి మంచం దగ్గర్నుంచి వచ్చి, చూడని సగం నాకు అల్లి చెప్పింది. నేను వనపర్తిలో డిగ్రీ చదువుతుండగా ఆ ముసలామె పోయింది. ఆ తర్వాత వదినె సినిమాలు మానేసింది. సినిమా పిచ్చి తగ్గిందని ఇంట్లో నవ్వుకున్నాం.

వదినె ఎడమ చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది.

"గా దాబ కథ నువ్వే కట్టినవా వదినె?"

"ఔ."

"లేకుంటే ఇంకేదన్న సినిమలదా?"

"ఔ."

"మీ అవ్వ చెప్పిందా?"

"ఔ." అదే గొంతు, అదే బరువు. ఇంక ఎన్నిసార్లు అడిగినా అంతే. ఆ పళ్ళెం ఎవరు కడిగారో నాకు ఇక ఎప్పటికీ తెలియదు. అది అర్థమయ్యాక ఏడుపు ఆగలేదు.

"నా మీద కోపమున్నదా వదినె?" అన్నాను.

"ఔ."

"అన్నిటికి గట్లనే అంటదని చెప్తి గద" అన్నాడు అన్న తొందరగా. నేను ఆమె కళ్ళలోకే చూస్తున్నాను. ఆ ఒక్క ఔ మాత్రం ఆమె తెలిసే అన్నది.