చెప్పుల మధ్య జకరయ్య

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల బోర్లకు చోటు చూపే జకరయ్య అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే, పాతాళంలో నీళ్లు కూడా లేచి నిలబడేవట. బాప్తిస్మం తీసుకున్నాక, విశ్వాసికి తగదని ఆ పని మానేశాడు. ఈ ఎండాకాలం తన చేను ఎండిపోతుంటే తట్టుకోలేక మళ్లీ కాయ పట్టాడు. కాయ లేచిన చోట ఎనిమిది వందల అడుగులు బోరు దింపినా దుమ్మే లేచింది.

దేవుడు తనను వదిలేశాడనుకున్నాడు. ఆరు ఆదివారాలుగా ప్రార్థన మందిరం బయట, అందరూ విడిచిన చెప్పుల మధ్య, తనవి విప్పకుండానే కూర్చుంటున్నాడు.

"లోపలికి రావా?" అంది భార్య కరుణమ్మ.

"ఆయన కోపం ఇంక సల్లారలే."

"నా కోపమే రెండు దినాలుండదు. గాయన నాకన్న మొండోడా ఏంది?"

జకరయ్యకు నమ్మకం కుదరలేదు. ఎండిన చేనే కళ్ల ముందు మెదిలింది. అయినా లోపల పాట మొదలయ్యేసరికి ఒక చెప్పు విప్పాడు. రెండోది కాలికే ఉండిపోయింది.