ముప్పావమ్మ అంకె

చెరువు కట్ట మీద రోజూ ఇంతమంది నడుస్తారు గదా, వాళ్ళలో ఒక్కరూ ఆవిణ్ణి పలకరించరు. ఆవిడకీ ఆ బెంగేం లేదు.

అందరూ ముప్పావమ్మ అంటారు. అసలు పేరు జీతాలిచ్చే ఆఫీసు కాగితాల్లో ఉంటుందేమో, ఊళ్ళో మాత్రం ఎవరికీ గుర్తులేదు. నీళ్ళెంతున్నాయంటే ఏడూ ముప్పావు అంటుంది, ఎనిమిదీ ముప్పావు అంటుంది. ఆ పావు కూడా కలిపేస్తే నీ సొమ్మేం పోయిందే తల్లీ అంటే, "చెరువు కలపంది నేనెక్కణ్ణుంచి తేను?" అంటుంది. ఆ గొంతు విన్నాక రెండో ప్రశ్న అడగబుద్ధెయ్యదు ఎవరికీ.

ఆవిడ పని చిన్నదే. తెల్లవారుతూనే, గాలి లేవకముందే, కట్ట మెట్లు దిగి తూము పక్కనున్న గేజి రాయి దగ్గర కూచుంటుంది. రాయి మీద అడుగులు, పావులు గీతలు గీసుంటాయి. అలలు సర్దుకునేదాకా ఆగి, నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూసి, పైకెక్కి నల్లబోర్డు మీద రాస్తుంది. తొమ్మిదడుగులు తాకితే తూము తెరవాలి, తాకకపోతే ముయ్యాలి. తూము చక్రం తిప్పే ఇనప హేండిలు ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. మొగుడు చేసిన ఉద్యోగం ఇది, ఆయన పోయాక ఈవిడకి ఇచ్చారు. ఇరవై రెండేళ్ళయింది.

ఇందులో గొడవేముందంటారా? ఉన్నదంతా గొడవే. చెరువులో నీళ్ళు ఎంత నిలిస్తే వలలోళ్ళకి అంత చేప. కట్ట కింద, ఎవరూ ఇల్లు కట్టకూడని చోట కట్టుకున్న కాలనీవాళ్ళకేమో, నీళ్ళు పెరిగితే నేలమాళిగల్లో ఊట. చేపలు తిని తక్కువ రాస్తోందని కాలనీవాళ్ళూ, కాలనీలో కాఫీ తాగి ఎక్కువ రాస్తోందని వలలోళ్ళూ. నిజానికి ఆవిడకి ఇద్దరన్నా సమానంగా ఒళ్ళుమంట.

వలలోళ్ళ పెద్ద సొంత మరిదే. పక్కిల్లే, మధ్యలో నడుమెత్తు గోడ. పదకొండేళ్ళ కిందట ఆయన చేపపిల్లల్ని వదిలిన మర్నాడే ఈవిడ బోర్డు మీద తొమ్మిది రాసి తూము తెరిచింది. పిల్లలన్నీ కాలవలో పడి పోయాయి. "ఎనిమిదీ ముప్పావుంటే తొమ్మిదని రాసి సొంతింటి కడుపు కొట్టింది" అని ఊరంతా చాటాడాయన. అప్పట్నుంచీ ఎదురుగా మాట్లాడుకోరు. ఏదైనా చెప్పాలంటే గోడ మీద కోడికి చెప్తారు.

"ఏమే కోడీ, మా వదినగారి పొయ్యి పొగంతా మా ఇంట్లోకే వస్తోందని చెప్పు."

"కోడీ, గాలి ఎటు తోలాలో నా చేతిలో లేదని చెప్పవే. ఉంటే ఇంకా ముందే తోలేదాన్ని."

ఈ ఏడు చేపపిల్లల్ని వదిలి వారం కాలేదు, కాలనీ సెక్రటరీ ఒక మధ్యాహ్నం మూడింటికి గేజి రాయిని ఫోన్లో ఫొటో తీశాడు. ఫొటోలో తొమ్మిదీ పావు. బోర్డు మీద ఎనిమిదీ ముప్పావు. ఫొటో ఆఫీసుకి పంపించి, ఆవిడ దొంగ అంకెలు రాస్తోంది, తీసెయ్యండని అర్జీ పెట్టాడు. రెండ్రోజుల్లో కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరుని వెంటబెట్టుకొచ్చాడు. అదీ మధ్యాహ్నం మూడింటికే.

ఇంజనీరు వంగి చూశాడు. తొమ్మిదీ పావే.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు.

"గాలి" అంది ముప్పావమ్మ.

"కనపడుతూనే ఉంది గదా సార్, ఇంకా దబాయింపొకటి" అన్నాడు సెక్రటరీ.

"నిన్నెవరూ అడగలేదు. చూడండి బాబూ, మధ్యాహ్నమైతే అవతలొడ్డు నుంచి గాలి కొడుతుంది. నీళ్ళన్నీ తెచ్చి ఈ కట్టకి ఆనిస్తుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక పక్క నుంచి ఊదండి, రెండో పక్క పొర్లుతుందా లేదా? అందుకే పొద్దున చూస్తాం. అవతలొడ్డుకి పోతే మీకే తెలుస్తుంది, అక్కడ నీళ్ళు వెనక్కిపోయి బురద బయటపడుంటుంది."

ఇంజనీరు చెరువు వంక చూశాడు. నడిచిపోతే రెండు గంటలు, ఈలోపు గాలి పడిపోతుంది. పడవలో అయితే ఇరవై నిమిషాలు. వలలోళ్ళ పడవలన్నీ అవతలే ఉన్నాయి. ఇటుపక్కున్నది ఒక్కటే, దానికి తారు పూస్తున్నవాడు మరిది.

ముప్పావమ్మ దిగి వెళ్ళింది. అక్కడ కోడి లేదు మరి.

"మరిదీ, ఈ బాబుని అవతలికి తీసుకెళ్ళాలి. లేకపోతే తూము తెరుస్తారు. నీ పిల్లలే పోతాయి."

ఆయన బ్రష్షు డబ్బాలో పెట్టి, తీరిగ్గా చేతులు తుడుచుకున్నాడు. పదకొండేళ్ళ తర్వాత వదిన నోటెంట వచ్చిన మాట. అంత తేలిగ్గా పోనిస్తాడా?

"నాకో మాటివ్వు. ఇకమీదట నేను చెప్పిన రోజు ఒక్క పావు తగ్గించి రాయి. తొమ్మిదుంటే ముప్పావు చెయ్యి. నీ పేరుకీ అతికినట్టుంటుంది."

"తొమ్మిదుంటే తొమ్మిదే రాస్తాను."

"అయితే ఆ బాబుని ఈదమను."

"నీ చేపలయ్యా అవి."

"నీ ఉద్యోగం కూడా."

ఆయన లెక్క ఆయనది. ఉద్యోగం పోతుందంటే ఎంతటిదైనా దిగొస్తుంది, హేండిలు ఇచ్చేలోపే ఊఁ అంటుందనుకున్నాడు. మళ్ళీ బ్రష్షు తీసి తారు పూస్తూ కూచున్నాడు, వెనక్కి కూడా చూడకుండా. పైనుంచి ఇంజనీరు గడియారం చూసుకుంటున్నాడు. తొమ్మిది దాటితే తెరవాలని రూలుంది, కళ్ళెదుట తొమ్మిది దాటి ఉంది, చెవిలో సెక్రటరీ ఉన్నాడు. ఇంకేం చేస్తాడు?

ముప్పావమ్మ ఇంటికెళ్ళి హేండిలు తెచ్చి ఇంజనీరు చేతిలో పెట్టింది.

"నేను తిప్పను. తిప్పినవాళ్ళే బోర్డు మీద కూడా రాసుకోండి."

సెక్రటరీ తిప్పాడు. చక్రం కిర్రుమన్న చప్పుడుకి మరిది లేచి పరిగెత్తుకొచ్చాడు గానీ, అప్పటికే తూము కింద కాలవంతా తెల్లగా తళతళలాడుతోంది. వేలెడంత పిల్లలు, గుంపులు గుంపులుగా. మరిది ఆవిడ వంక చూశాడు. ఆవిడ తల తిప్పుకుంది.

మర్నాడు పొద్దున నీళ్ళు ఎనిమిదీ పావు కూడా లేవు. వలలోళ్ళు వలలు తెచ్చి ఆఫీసు గుమ్మానికి అడ్డంగా పరిచి కూచున్నారు. మూడో రోజు తెల్లవారకముందే ఇంజనీరు ఒక్కడే వచ్చి, గాలి పడ్డాక నీళ్ళు ఎంత దిగాయో చూసుకుని, ఆవిడ చెప్పింది నిజమేనని తేల్చుకుని, ఇనప హేండిలు మోసుకుంటూ ముప్పావమ్మ గుమ్మం దగ్గరికి వచ్చాడు. వెనకాలే వలలోళ్ళంతా, వాళ్ళ ముందు మరిది. సంగతేంటో చూద్దామని కాలనీవాళ్ళు నలుగురు.

"మళ్ళీ మీరే చూసుకోండమ్మా" అన్నాడు ఇంజనీరు. పొరపాటైందని మాత్రం అనలేదు.

"అక్కడ పెట్టండి." గడప అవతల చూపించింది.

పెట్టాడు. ఆవిడ ముట్టుకోలేదు.

"వదినా, తీసుకో. ఆ సెక్రటరీ చేతిలో పెడితే చెరువు మిగలదు" అన్నాడు మరిది.

"మొన్ననే కదా పావు తగ్గించమన్నావు. దొంగ లెక్కలదాన్ని నేను. పదకొండేళ్ళుగా చెప్తున్నావు, ఊరంతా నమ్మింది. నా మాట నమ్మనివాళ్ళకి నా అంకెలెందుకు? నేను తూము తెరిచిన ఆ రోజు నీళ్ళు ఎంతున్నాయో నువ్వూ చూశావు. మెట్టు మీద నా పక్కనే ఉన్నావు. అది చెప్పు, తీసుకుంటాను."

మరిది నేల చూశాడు. వెనకాల ఎవరో దగ్గారు. ఇంజనీరుకి ఏమీ అర్థంకాక ఒకసారి ఈవిణ్ణి, ఒకసారి ఆయన్ని చూస్తున్నాడు. తూర్పున వెలుతురొచ్చింది, ఇంకో గంటకి గాలి లేస్తుంది.

"తొమ్మిదే" అన్నాడు మరిది, పళ్ళ సందు నుంచి. "ఆ రోజు ఉన్నది తొమ్మిదే. నా పిల్లలు పోయాయన్న మంట మీద అన్నాను. చాలా?"

ముప్పావమ్మ గడప మీద చెయ్యానించి, ఆయన భుజం మీదుగా వెనకున్న జనాన్ని చివరిదాకా చూసింది.

"గట్టిగా చెప్పు. ఆ చివరోళ్ళకి వినపళ్ళేదు."