నెగెటివ్ వచ్చిన రోజు

2019 ఏప్రిల్. వినుకొండ దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేస్తున్నాను. రిటైర్ కావడానికి పద్నాలుగు నెలలుంది. క్షయ రోగుల ట్రీట్‌మెంట్ కార్డులు, అంటే ఎవరు ఏ రోజు మాత్రలు వేసుకున్నారో గుర్తు పెట్టే కార్డులు, నా దగ్గరే ఉండేవి. మొత్తం 168 రోజుల మందు. మొదటి 56 రోజులు గట్టి మందుల ఇంటెన్సివ్ ఫేజ్, ఆపైన 112 రోజులు మిగిలిన క్రిముల్ని చంపే కంటిన్యుయేషన్ ఫేజ్.

ఆ రోగుల్లో కరుణమ్మ ఫిబ్రవరి 4న మొదలుపెట్టి మార్చి 31తో 56 పూర్తిచేసింది. మర్నాడు తర్వాతి మందుకు రాలేదు. 3వ తేదీన నేనే వెళ్ళాను. కళ్ళంలో మిరపకాయలు ఏరుతోంది. పక్కన మూడేళ్ళ కూతురు.

"మందు మానేశానండీ సిస్టరమ్మగారూ. ఆదివారం ఫోన్లో వర్తమానం వచ్చింది. నీ రోగం ఈరోజే పోయింది, ఇక మాత్ర ముట్టుకుంటే అవిశ్వాసం అని."

"పంపిందెవరు?"

"ఎవరో దైవజనులంట. మా ప్రార్థన గ్రూపులో అందరికీ వచ్చింది."

"అందరికీ క్షయ ఉందా?"

ఫక్కున నవ్వింది. వెంటనే మొహం బిగించింది. "దగ్గు లేదు, అన్నం సయిస్తోంది. మీరూ ప్రభువు బిడ్డేగా, మీకు నమ్మకం లేదా?"

నాకు కోపం వచ్చింది. "కుష్ఠు నయమైనవాణ్ణి కూడా యాజకుడికి చూపించుకోమని ప్రభువే పంపాడు. నువ్వు ల్యాబ్‌లో చూపించుకో. క్రిమి కనపడితే నా మాట వింటావా?"

"వింటా. కనపడకపోతే మీరు నా మాట వినాలి."

"సరే" అన్నాను. అదే నేను చేసిన తప్పు. రెండు నెలల మందు తర్వాత చాలామందికి కఫంలో క్రిమి కనపడదు. మిగిలినవి లోపల దాగి ఉంటాయి. మందు ఆపితే తిరగబడతాయి. అది తెలిసీ పందెం కట్టాను.

4న కఫం ఇచ్చింది. 5న రిపోర్టు నెగెటివ్. మాత్రలు కూడా పట్టుకుని కళ్ళానికి వెళ్ళి చూపించాను.

"చూశారా, నెరవేరింది!" అంది కూతుర్ని చంకనెత్తుకుని.

"పందెం కట్టడం నాదే తప్పు, ఒప్పుకుంటున్నా. కానీ ప్రవక్త చెప్పిన గుర్తు జరిగినా సరే, ఆ మాట మనల్ని ఎటు నడిపిస్తోందో చూడమని వాక్యం నేర్పింది. ఇంతకీ, పైకి ఎండినట్టున్న కాయల్ని బస్తాకెత్తుతావా?"

"ఎందుకెత్తుతానండీ? తొడిమ దగ్గర తడుంటే బస్తా మొత్తం బూజు పడుద్ది."

"ఇంకో నాలుగెండలు కావాలన్న రైతుకి విశ్వాసం లేదంటావా?"

వంగి ఒక కాయ తీసి తొడిమ నొక్కి చూసింది.

"నీ ఒంట్లో తడి ఆరలేదు. బూజు మొదట పాకేది నీ పక్కలో పడుకునే దానికే."

పిల్లను చంక దించి, చెయ్యి చాపింది. "ఇవ్వండి. మరి పోయిన ఐదు రోజులో?"

"చివర కలుపుతాను. రేపు పొద్దున మొదలుపెడితే జూలై 26తో అయిపోతుంది."

26నే అయిపోయింది. మధ్యలో ఒక్క రోజు కూడా తప్పలేదు. పిల్లకు ఏమీ కాలేదు.

అబద్ధపు వర్తమానం ఎప్పుడూ తప్పే చెబుతుందని అంతకుముందు అనుకునేదాన్ని. సగం నిజం పట్టుకునే వస్తుంది. నెరవేరిందా అని ఇప్పుడెవరినీ అడగను. దాన్ని నమ్మితే రేపు మంచాన పడేదెవరని అడుగుతాను.