చైనా గోడను గీకిన మేస్త్రీ

చైనా గోడ మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచానని, మధ్యలో కూలినచోట రిపేరు కూడా చేశానని సౌదీలోని హుఫూఫ్‌లో మా రూమువాళ్లకు చెప్పాను. అందరూ నమ్మారు. వయసైపోయింది, ఇప్పుడైనా నిజం చెప్పేస్తాను.

గల్ఫ్ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు మా కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, టైల్స్ కొనడానికి చైనా పోతూ మేస్త్రీనని నన్నూ వెంట తీసుకెళ్లాడు. పని ముగిశాక ఆ గోడ చూపించాడు. అందరూ కొండలు చూస్తుంటే నేను ఇటుకల సందుల్లో సున్నం చూశాను. చేయి ఊరుకోక తాళంచెవితో గీకాను.

ఈల మోగింది. కాపలావాడు నా రెక్క పట్టుకొని అరుస్తున్నాడు. ఇక జైలే, లేకపోతే ఉద్యోగం పోయి ఇంటికే అనుకున్నాను. కఫీలు పరుగెత్తుకొచ్చి, గైడుతో చెప్పించి, బతిమాలి విడిపించాడు.

కిందికి దిగాక వచ్చీరాని హిందీలో అన్నాడు: "వందల ఏళ్ల గోడకు పరీక్ష పెడతావా? నువ్వు కట్టిన మా ప్రహరీ రెండేళ్లకే నెర్రెలిచ్చింది కదరా!"

"ఎండలు సార్" అన్నాను.

ఎండలు కాదు. కట్టాక రోజూ నీళ్లు పట్టడానికి నేనే బద్ధకించాను.

తిరిగొచ్చాక "ఎట్లుందే కాకా గోడ?" అని రూమువాళ్లు అడిగితే, "మనంత పనితనం లేదురా" అన్నాను. ఆ శుక్రవారం మాత్రం సెలవు మానుకొని, కఫీలు ప్రహరీ విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. ఈసారి రెండుపూటలా నీళ్లు పట్టాను.