తలలు చూసే మనిషి

మా పిల్లల హోమ్‌లో వాలంటీర్ల రిజిస్టరు రాసేది నేనే. పదకొండేళ్ళుగా రాస్తున్నాను. సేవ చేస్తామని వచ్చేవాళ్ళలో ఎన్ని రకాలున్నాయో నన్నడగండి, చెబుతాను.

కథలు చెప్పేవాళ్ళొక రకం. సింహానికో గొంతు, కుందేలుకో గొంతు పెట్టి ముప్పావుగంట చెప్పి, చివర్లో నీతేమిటని అడుగుతారు. మా పిల్లలకు నీతులన్నీ కంఠతా వచ్చు. కథ సగంలో ఉండగానే అప్పజెప్పేసి లేచిపోతారు. గోడలకు రంగులు వేసేవాళ్ళు ఇంకో రకం. మా భోజనాల గది గోడ మీద ఇప్పటికి తొమ్మిదిసార్లు ఇంద్రధనుస్సు పడింది. ఆ గోడ పక్కనే ఉన్న తలుపుకి గొళ్ళెం ఊడి రెండేళ్ళయింది. అందులో రంగు లేదు కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు. పాత బట్టలు మూటగట్టి తెచ్చేవాళ్ళ గురించి చెప్పను, నోరు పాడవుతుంది. బొత్తాలన్నీ కోసి దాచుకుని చొక్కాలు మాత్రం దానమిచ్చిన మహాతల్లిని కూడా చూశాను.

అన్నిటికన్నా ఎక్కువ మంది కౌగిలించుకునేవాళ్ళు. గేటు దాటగానే మోకాళ్ళ మీద కూలబడి, అందిన పిల్లనల్లా హత్తుకుని కళ్ళొత్తుకుంటారు. పిల్లలకూ అలవాటైపోయింది. ఒళ్ళో ఉన్నంతసేపూ వాళ్ళ భుజం మీంచి గోడ గడియారం చూస్తూ ఉంటారు.

ఇంతమంది మధ్యకు ఒక మంగళవారం ఆవిడ వచ్చింది. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ముప్పైమూడేళ్ళ సర్వీసు. తర్వాత మా అందరికీ ఆవిడ టీసీ గారే. బిగించి దువ్విన నెరిసిన జుట్టు, మగవాళ్ళ చేతి గడియారం, నవ్వంటే ఎవరో కొత్తగా పన్ను వేసినట్టుండే ముఖం. నేను దరఖాస్తు ఇచ్చాను. అందులో 'మీకు పిల్లలంటే ఎందుకిష్టం?' అనే ప్రశ్న ఉంటుంది. అది నేను పెట్టిన ప్రశ్నే. దానికి జనం వెనక పేజీ దాకా రాస్తారు. ఈవిడ రెండు ముక్కలు రాసింది: 'ఇష్టం లేదు. పేలు చూస్తాను.'

"ఇష్టం లేకపోతే ఎందుకు వచ్చారండీ?" అన్నాను, నవ్వాపుకుంటూ.

"పిల్లలంటే ఇష్టమున్నవాళ్ళు మీకు చాలామందే ఉన్నట్టున్నారు" అంది రిజిస్టరు వైపు చూసి. "గేటు దగ్గర నాకు ఎదురొచ్చిన పిల్లలు ముగ్గురూ తల గోక్కుంటున్నారు."

నాకు ఒళ్ళు మండింది. సరే, రెండు వారాలకు మించి ఉండదులే అనుకుని, వంటగది వెనక వసారా చూపించాను. ఆవిడ ఎత్తుపీట ఒకటి, తెల్లగుడ్డ ఒకటి అడిగింది. దువ్వెన తనే తెచ్చుకుంది, పళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న ఇనప దువ్వెన. వెలుతురు వీపు వెనకనుంచి పడేలా పీట జరుపుకుని, ముప్పైరెండుమంది ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టింది. ఒక్కొక్క తలా పాయలు తీసి, చెవుల వెనక, మెడ మీద, నడినెత్తి మీద, సీటు సీటుకూ ఆగి టికెట్ అడిగినట్టే చూసింది. దువ్వెన తెల్లగుడ్డకు తుడిచి, పడినవి పడినట్టు గోళ్ళ మధ్య నొక్కింది. ఒక్క పిల్ల బుగ్గ కూడా నిమరలేదు. "కదలకు." "మెడ వంచు." "ఏడిస్తే పేలు పోతాయా?" ఇవే ఆవిడ ముద్దుమాటలు.

రెండు వారాలు కాదు, నాలుగేళ్ళు వచ్చింది. వానొచ్చినా, బస్సులు ఆగినా మంగళవారం పదింటికి ఆ పీట మీద ఉండేది. ఎందుకు ప్రతివారం అని ఒకసారి అడిగాను.

"ఇవాళ చచ్చేవి పేలు. ఈపులు వెంట్రుకలకే అంటుకుని ఉంటాయి, వారం తిరిగేసరికి అవీ పేలవుతాయి. నేనొక వారం మానితే అంతకుముందు చేసిన పనంతా గంగలో కలిసినట్టే." తర్వాత నావైపు చూసి, "నీ రిజిస్టరులో వాళ్ళకన్నా పేలు నయం అమ్మాయ్. పిల్లల్ని అంటిపెట్టుకుని ఉంటాయి, ఒక్క రోజు కూడా సెలవు పెట్టవు" అంది.

ఆవిడ తన చెల్లెలితో కలిసి రెండు గదుల ఇంట్లో ఉండేది. ఒకసారి మర్చిపోయిన గొడుగు ఇవ్వడానికి వెళ్ళాను. చెల్లెలు తలుపు తీయకముందే ఎక్కడినుంచి వచ్చానో అడిగి, నన్ను గుమ్మం బయటే నిలబెట్టింది. "మా అక్క ప్రతి మంగళవారం పెరట్లో తలంటు పోసుకుంటేగాని లోపలికి రానివ్వను. యముడొచ్చినా టికెట్ ఏదని అడిగే రకం, చెబితే వింటుందా?" అంది. గొడుగు కూడా రెండు వేళ్ళతో పట్టుకుంది. ఇంటికెళ్ళే దారంతా ఆ చెల్లెల్ని తిట్టుకున్నాను. సొంత అక్కని అంత చీదరించుకుంటుందా అని.

ఇక పొడుగుజడ సంగతి. తొమ్మిదేళ్ళ పిల్ల. మోకాళ్ళ దాకా జుట్టు, అందరూ దాన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. చదువులో అంతంతమాత్రం, ఆటల్లో అసలే లేదు. పొగరు మాత్రం గంపెడు, అంతా ఆ జుట్టు వల్లే. ఒకసారి టీసీ గారు విసుక్కుంది. "ఇంత జుట్టు నీకెందుకే? నీ ఒక్కదానికే గంటన్నర పడుతోంది."

"గౌను ఎవరో ఇచ్చింది. చెప్పులు ఎవరో ఇచ్చినవి. రిబ్బను కూడా. ఇదొక్కటే నాది" అంది ఆ పిల్ల.

టీసీ గారు దువ్వెన తుడుచుకుని ఇంకో పాయ తీసింది. మళ్ళీ ఎప్పుడూ విసుక్కోలేదు.

ఈ ఏడు ఒక పెద్ద కంపెనీవాళ్ళు మా హోమ్‌ను ఎంచుకున్నారు. యాభైమంది ఉద్యోగులు ఒక ఆదివారమంతా పిల్లలతో గడుపుతారట. దానికి వారం ముందు ఏర్పాట్లు చూడటానికని మా కార్యదర్శి గారి కోడలు వచ్చింది. కౌగిలించుకునే రకమే. పోయి పోయి పొడుగుజడను హత్తుకుని, ఆ జుట్టు తన భుజం మీద వేసుకుని ఫొటో దిగింది. మంగళవారానికి ఆవిడ తలలో పేలు. బుధవారం పొద్దున్నే కార్యదర్శి గారు ఊగిపోతూ వచ్చారు.

"శనివారం సాయంత్రానికి ఆడపిల్లలందరికీ గుండు కొట్టించెయ్యండి. ఆ కంపెనీవాళ్ళకి కూడా అంటితే మన పరువేం కాను?"

పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికి పెట్టిందట. కోడలి తలలో నాలుగు పేలు పడితే ముప్పైరెండు తలలు బోడి కావాలి! అయినా నేను పైకి ఒక్క మాట అనలేదు. టీసీ గారికి ఫోన్ మాత్రం చేశాను. గంటలో వచ్చింది.

"శనివారం వరకూ టైమివ్వండి. ఒక్క పేను, ఒక్క ఈపి లేకుండా చేస్తాను. ఉంటే అప్పుడు గొరిగించండి" అంది ఆయనతో. ఆయన సణిగి ఒప్పుకున్నారు. బయటికొచ్చి నాతో అంది, "ఈసారి ఈపులు కూడా ఒక్కొక్కటే లాగాలి. నాలుగు రోజుల్లో ముప్పైరెండు తలలు. రోజుకి ఎనిమిది. ఇంకో రెండు చేతులుంటే బాగుంటుంది. నీ రిజిస్టరులో ఎంతమంది ఉన్నారు?"

నూటనలభై మంది ఉన్నారు. ఆ రోజంతా ఫోన్లు చేస్తూనే ఉన్నాను. కథలు చెప్పే ఆయన, "నాది మాటల వైపండీ, చేతుల వైపు కాదు" అన్నాడు. రంగులు వేసే అమ్మాయి, "అయ్యో, గ్లౌజులు ఇస్తారా? ఇచ్చినా సరే రాలేననుకోండి" అంది. ప్రతి నెలా వచ్చి 'వీళ్ళంతా నా బిడ్డలే' అని ఏడ్చే పెద్దావిడ, "పేలా!" అని ఫోన్ పెట్టేసింది. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. ఒక్కొక్క పేరు పక్కనా ఎర్ర పెన్నుతో గీత గీస్తూ, ఒక్కొక్కరినీ కడుపారా తిట్టుకున్నాను. ఆ తిట్టడంలో నాకు ఎంత హాయిగా ఉందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది.

ఎవరూ రాలేదు. ఆవిడ ఒక్కతే చేసింది. పొద్దున ఏడింటికి పీట మీద కూర్చుంటే వెలుతురు పోయేదాకా లేచేది కాదు. మధ్యాహ్నం అన్నం కూడా నిలబడి తినేది, కూర్చుంటే మళ్ళీ నడుము లేవదని. మూడో రోజుకి బొటనవేలి గోరు చీలింది. దానికి పట్టీ చుట్టుకుని, చూపుడువేళ్ళ గోళ్ళతో నొక్కడం మొదలుపెట్టింది. నేను మంచినీళ్ళు తెచ్చి రెండు గజాల దూరంలో నిలబడి ఇచ్చేదాన్ని. ఆఫీసులో బోలెడు పనుంది కదా, ఆహ్వానాలు, కుర్చీలు, బ్యానరు.

శనివారం మధ్యాహ్నానికి ముప్పై ఒకటి అయ్యాయి. చివర్న పొడుగుజడ. రెండున్నర గంటలు పట్టింది. తెల్లగుడ్డ మీద దువ్వెన మూడుసార్లు తుడిచినా ఏమీ పడలేదు. "అయిపోయింది. ఏమీ లేవు" అంది టీసీ గారు. ఆ నాలుగేళ్ళలో ఆవిడ ముఖంలో తృప్తిలాంటిది చూడటం అదే మొదలు. పిల్ల జుట్టంతా ముందుకు వేసుకుని రెండు చేతులతో పట్టుకుంది.

అప్పుడే కార్యదర్శి గారు సెలూన్ మనిషిని వెంటపెట్టుకుని వచ్చారు. మిగతా పిల్లల వైపు చూడను కూడా లేదు. "ఈ పిల్ల తలలోంచే మా కోడలికి అంటుకున్నాయి" అన్నారు.

"ఇప్పుడు లేవు. చూసుకోండి" అంది టీసీ గారు.

"మీ మాట మీద నమ్మకం లేదనికాదు. మీకు పట్టుదల ఎక్కువ. మా ఆఫీసు మనిషి చూసి చెప్పాలి." నావైపు తిరిగారు. "నువ్వు చూడమ్మా. లేవని నువ్వంటే వదిలేద్దాం."

నేను చేయాల్సిందల్లా రెండడుగులు ముందుకు వేసి, జుట్టు పాయలు తీసి చూడటం. పిల్ల నావైపు తిరిగి తల వంచింది. జుట్టు నూనెతో, మందుతో తడిగా, బరువుగా ఉంది. టీసీ గారు దువ్వెన నా చేతికందించింది. నేను పుచ్చుకోలేదు. పొద్దున్నే తలస్నానం చేసి ఉన్నాను. మర్నాడు కంపెనీవాళ్ళ ముందు మైకులో మాట్లాడాల్సింది నేనే. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. అసహ్యం వేసింది, అంతే.

"కచ్చితంగా చెప్పలేనండీ" అన్నాను, ఉన్నచోటే నిలబడి.

"సరే అయితే" అన్నారు ఆయన.

టీసీ గారు నన్ను తిట్టలేదు. దువ్వెన తుడుచుకుని సంచిలో పెట్టుకుంది. సెలూన్ మనిషి మొదలుపెట్టాక మాత్రం దగ్గరే నిలబడి, కత్తి తగలకుండా పిల్ల చెవులు మడిచి పట్టుకుంది.

"మళ్ళీ ఎప్పటికొస్తుంది?" అని అడిగింది పిల్ల, నేల మీద పడుతున్నది చూస్తూ.

"అంత పొడుగు రావాలంటే ఆరేడేళ్ళు" అంది ఆవిడ. అబద్ధమాడటం ఆవిడకు చేతకాదు.

ఆదివారం యాభైమందీ ఒకే రంగు చొక్కాల్లో దిగారు. ముప్పై ఒక్కమంది పిల్లలు జడలు వేసుకుని, రిబ్బన్లు కట్టుకుని వరసగా నిలబడ్డారు. ఒక్కరు కూడా వాళ్ళవైపు చూడలేదు. అందరి కళ్ళూ గుండు పిల్ల మీదే. ఫొటోలు తీసే అతను వరస దాటుకుంటూ నేరుగా దాని దగ్గరికి పోయాడు. ఒకావిడ మోకాళ్ళ మీద కూర్చుని, బోడితల నిమురుతూ నావైపు చూసింది. "పాపం, ఏం జబ్బండీ?"

నేను నోరు తెరిచేలోపే కార్యదర్శి గారు గొంతు తగ్గించి, "ఆ సంగతి ఇప్పుడు పిల్ల ముందు ఎందుకులెండి" అన్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను మైకు పట్టుకుని నిలబడ్డాను, కాదనలేదు.

"నాకే జబ్బూ లేదు" అంది పిల్ల, చదివిన పాఠం అప్పజెప్పినట్టు. "పేలు కూడా లేవు. టీసీ అమ్మమ్మ చూసి లేవని చెప్పింది. ఈ ఆఫీసు అక్కని చూడమన్నారు. అక్క నా తల ముట్టుకోలేదు. అందుకని తీసేశారు."

ఆవిడ చెయ్యి తీసేసి లేచి నిలబడింది. కార్యదర్శి గారు పెద్దగా నవ్వి పిల్లలందరినీ పాట పాడమన్నారు. ఫొటోలు తీసే అతనికి ఇదేమీ వినపడలేదు, కెమెరాలోనే ఉన్నాడు.

"మేడమ్, మీరు రండి. పాప తల మీద ఒకసారి చెయ్యి పెట్టండి, ఫొటో బాగా వస్తుంది" అన్నాడు.

అందరూ చూస్తున్నారు. వెళ్ళి చెయ్యి చాచాను. పిల్ల తల పక్కకు తీసుకుంది.